అచ్చియ్యమ్మ చెప్పిన తిథి

పెట్టిన అన్నం పెట్టినట్టే మళ్ళీ వంటింటి గడప దగ్గరికి వచ్చేసింది.

అచ్చియ్యమ్మ కంచాన్ని గడపకు ఇవతల కింద పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. పొయ్యి దగ్గర కూచున్న లక్ష్మీసుందరి తల తిప్పి కంచం వంక చూసింది. మెత్తగా పిసికిన పప్పన్నం మీద నెయ్యి పేరుకుని తెల్లబడిపోయి ఉంది. ఒక్క మెతుకు తగ్గలేదు.

"ఇవాళ కూడానా?" అంది.

"పెదవి ఇప్పలేదమ్మగోరూ. తులసి నీల్లు మటుకు రెండు సెంచాలు దిగేయి."

లక్ష్మీసుందరి చీర చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. పొయ్యి పొగ అని సరిపెట్టుకుందామంటే పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

లక్ష్మీసుందరి మొగుడికి అత్త వరసయ్యే మంగాయమ్మ వచ్చి వెళ్ళిన నాటినుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఆ మహాతల్లి అనకాపల్లి నుంచి బస్సు దిగి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే, నాకేం వండకే సుందరీ, ఇవాళ ఏకాదశి గదా, రెండు అరటిపళ్ళుంటే చాలు అంది. మంగాయమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. గొంతు చూస్తే నాలుగిళ్ళ అవతలికి పోతుంది. ఆ మాట నడవ దాటి లక్ష్మీసుందరి అత్తగారైన పెద్దావిడ మంచం దగ్గరికి చేరేసరికి, అచ్చియ్యమ్మ పెట్టిన ముద్ద పెద్దావిడ నోట్లోనే ఉంది. అది ద్వాదశి పారణ అని చెప్పి పెట్టిన ముద్ద. ఏకాదశి నిన్ననే అయిపోయింది పెద్దమ్మా, మీరు మగతలో ఉండిపోయారు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, మీ ఉపవాసం చక్కగా జరిగిపోయింది అని పొద్దున్నే చెప్పి, నమ్మించి, పెట్టిన ముద్ద.

వరహాలక్ష్మమ్మగారు ఆ ముద్దను పక్కమీదే ఉమ్మేసింది. ఆవిడ వకీలు లక్ష్మీనరసింహంగారి తల్లి. చిన్ననాడే పసుపు కుంకుమలు పోగొట్టుకుని, ఉన్న ఒక్క కొడుకునూ చదివించి కోర్టుకెక్కించిన మనిషి. ఎన్ని కష్టాలొచ్చినా ఏకాదశి తప్పలేదు ఆవిడకు. పోయిన తొలి ఏకాదశినాడు నిర్జలోపవాసం ఉండి, సాయంత్రం తులసికోట దగ్గర కూలిపోయింది. కుడిపక్క కాలూ చెయ్యీ పడిపోయాయి. కళ్ళకు అంతకు ముందే పొరలు కమ్మి ఉన్నాయి. ఆ రోజునుంచీ మంచమే ఆవిడ లోకం. ఇంకో ఉపవాసం చేస్తే మనిషి దక్కదని డాక్టరు గణపతిరావుగారు వీధి అరుగు మీద నిలబడి చెప్పి వెళ్ళారు. అందుకని ఇంటిల్లిపాదీ కలిసి ఆవిడ ఏకాదశిని మాయం చేసేశారు.

ముద్ద ఉమ్మేశాక ఆవిడ అన్నది ఒక్కటే మాట.

"ఏది ఏకాదశో నాకు తెలియనివ్వరు గదా. అయితే నాకు రోజూ ఏకాదశే."

ఆ మాట మీదే ఉంది. పగలు తులసి నీళ్ళు, సాయంత్రం ఒక గుక్కెడు పాలు. నడుమ అమావాస్య కూడా వెళ్ళిపోయింది.

* * *

వకీలుగారు ఆ పూట కోర్టునుంచి మధ్యాహ్నానికే వచ్చేశారు. నల్లకోటు విప్పకుండానే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కంచం చూశారు. చూసి, ఇంట్లో ఒక్కరికి తెలివుంటే ఇంతదాకా వచ్చేది కాదన్నారు. లక్ష్మీసుందరి మామూలుగా మొగుడికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ పూట మాత్రం చెప్పింది. ఆ తెలివి ఎవరిదో ఒకసారి జ్ఞాపకం చేసుకోమంది. ఏకాదశి పేరెత్తకండి, అయిపోయిందని చెప్పెయ్యండి అన్నది ఎవరని అడిగింది. ఆయన డాక్టరు పేరు చెప్పారు. డాక్టరు తిండి పెట్టమన్నాడు గాని అబద్ధం పెట్టమనలేదని ఆవిడ అంది. అయితే చంపుకోమంటావా మా అమ్మని అని ఆయన. నేనన్నానా ఆ మాట అని ఆవిడ. అలా కాసేపు ఆయన గొంతూ ఆవిడ గొంతూ ఒకదాని మీదొకటి ఎక్కాయి. తరవాత రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. ఇద్దరూ అచ్చియ్యమ్మ వంక చూశారు.

ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయని ఊరికే అనలేదు. అచ్చియ్యమ్మ కంచం తీసుకుని పెరట్లోకి పోదామని వంగింది. వకీలుగారు ఆగమన్నారు.

"ఇదిగో, విను. ఏకాదశి ఒక్కొక్కమాటు రెండు రోజుల మీద పడుతుంది. మాలాంటివాళ్ళకి ఒకరోజు, వైష్ణవులకి మర్నాడు. అమ్మకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. మన ఏకాదశి ముందురోజునే అయిపోయింది. మంగాయత్త ఈమధ్య ఏదో భజన సమాజంలో చేరి, వాళ్ళ పద్ధతిలో మర్నాడు చేస్తోంది. ఇదంతా నేను చెప్తాను. అవును పెద్దమ్మా, ముందురోజు మీరు ఏమీ పుచ్చుకోలేదు అని నువ్వనాలి. నీ వాటా అంతే."

అచ్చియ్యమ్మ వంచిన నడుం ఎత్తింది.

"అది నిజిమేనా బాబూ?"

"ఏది?"

"మన ఏకాదశి ముందురోజున అవడం."

"ఒక్కొక్కమాటు అవుతుందన్నాను గదా."

"ఈ మాటు?"

వకీలుగారు కళ్ళజోడు తీసి ఉత్తరీయం కోసం వెతుక్కున్నారు. ఉత్తరీయం లేదు, ఒంటిమీద కోటుంది. కోటు అంచుతోనే అద్దాలు తుడుచుకున్నారు. సాక్షులను బోనులో నిలబెట్టి చెమటలు పట్టించే మనిషి. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గుంటూరు హైకోర్టు దాకా కేసులు నడిపించుకొస్తున్న మనిషి. అద్దాలు ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

పురోహితులు వేంకటరమణమూర్తిగారి చేత చెప్పిస్తే బాగుంటుంది గదా అని లక్ష్మీసుందరి గొణిగింది. ఆయన దగ్గరికి పొద్దున్నే వెళ్ళి వచ్చానని వకీలుగారు అన్నారు. రోగిష్టి మనిషికి ఉపవాసం అక్కర్లేదని వెయ్యిసార్లు చెప్తాను, అది శాస్త్రం, కాని ఆ రోజు ఏకాదశి కాదని చెప్పమంటే నా నాలిక తిరగదు అన్నారట ఆ పెద్దమనిషి.

"అమ్మకి ఇంక నా మాట మీద నమ్మకం లేదు, సుందరి మాట మీద లేదు," అన్నారు వకీలుగారు, ఈసారి నెమ్మదిగా. "నువ్వు చెప్తే నమ్ముతుంది. ఆవిడ తిన్నన్నాళ్ళే నీకైనా ఇక్కడ పని. ఆలోచించుకో."

బెదిరించాలని అన్న మాట కాదేమో. అచ్చియ్యమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

* * *

అచ్చియ్యమ్మది బుచ్చయ్యపేట. మొగుడు చెరుకు తోటలో పాము కరిచి పోయాడు. పిల్లా జెల్లా లేరు. అన్నగారింట్లో వదిన కూడు పెట్టేది, దాంతోపాటు మాటా పెట్టేది. కూడు తక్కువ, మాట ఎక్కువ. వకీలుగారి తల్లికి మనిషి కావాలంటే, ఆ మాటలు తప్పుతాయి గదా అని చోడవరం వచ్చేసింది.

వచ్చాక మాటలు పూర్తిగా తప్పిపోయాయి. ఈ ఇంట్లో ఆమెను ఎవరూ తిట్టలేదు, నిజమే. ఎవరూ పలకరించనూ లేదు. వంటింటి గడప దాటకూడదు. నూతి చేద ముట్టకూడదు. నీళ్ళు కావాలంటే ఎవరో ఒకరు పోసేదాకా బిందె పెట్టుకుని నిలబడాలి. ఆ చెయ్యి, ఈ తియ్యి అన్న మాటలు తప్ప రోజుకు నాలుగు మాటలు చెవిని పడేవి కావు. ఉన్న ఒక్క తోడూ ఆ మంచం మీది మనిషే.

మొదట్లో కోడలే మడి కట్టుకుని వచ్చి ముద్దలు పెట్టేది. పెద్దావిడను లేపి కూచోబెట్టి పట్టుకోవలసింది మాత్రం అచ్చియ్యమ్మ. ఒకరు పట్టుకోవడం, ఇంకొకరు ఆ పట్టుకున్న మనిషికి తగలకుండా నోట్లో పెట్టడం, ఈ సర్కస్సులో సగం అన్నం పక్కమీదే పడేది. ఒకరోజు పెద్దావిడకు విసుగు పుట్టింది. కంచం దానికిచ్చెయ్యి సుందరీ అంది. నన్ను ఎత్తేది అదే, కడిగేది అదే, ఇంకా నా మడి ఎక్కడ మిగిలిందే, నా చెయ్యి పడిపోయింది గనక దాని చెయ్యే నా చెయ్యి అనుకుంటాను అంది. కోడలు నోరు వెళ్ళబెట్టింది. అచ్చియ్యమ్మ చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చి మొదటి ముద్ద పెట్టింది. పెద్దావిడ నమిలి మింగి, ఉప్పు తక్కువైందే, నీ తప్పు కాదులే అని నవ్వింది.

ఆ రోజునుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఒక వరస కుదిరింది. తెల్లవారి మొహం కడగగానే, ఇవాళ ఏం తిథే అచ్చియ్యా అని పెద్దావిడ అడగాలి. అచ్చియ్యమ్మకు చదువు లేదు. ముందే లక్ష్మీసుందరి చేత పంచాంగం చూపించుకుని వచ్చి, తదియమ్మా, పంచిమమ్మా అని చెప్పాలి. ఆ తిథిని బట్టి పెద్దావిడ ఆ రోజు ఏ దేవుణ్ణి తలుచుకోవాలో చూసుకునేది. ఎడమచేతి వేళ్ళతో దుప్పటి అంచు మీద జపం లెక్కపెట్టుకునేది. మధ్యమధ్యలో ఆపి, మీ నూకాలమ్మ జాతరలో ఏం చేస్తారే అని అడిగేది. అచ్చియ్యమ్మ చెప్పేది. ఆ ఇంట్లో తన దేవత పేరు పలికిన నోరు అదొక్కటే.

ఆ నోటికే అబద్ధం చెప్పింది.

తొలిసారి చెప్పమన్నప్పుడు అంత తప్పనిపించలేదు. ముసలి ప్రాణం, నాలుగు మెతుకులు తింటే తప్పేమిటనుకుంది. నిజానికి ఆమె మనసులో మాట అడిగితే, అన్నం ముందు ఏ దేవుడైనా పక్కకి జరగాల్సిందేనని చెప్పేది. కాని ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆ ఉపవాసమూ ఆమెది కాదు. నిన్ననే అయిపోయిందమ్మా అని చెప్పగానే పెద్దావిడ మొహం వెలిగిపోయింది. పోనీలే, నాకు తెలివి లేకపోయినా నా వ్రతం నిలబెట్టేవు, నువ్వు చల్లగా ఉండాలే తల్లీ అని ఎడమచెయ్యి ఎత్తి దీవించింది. అచ్చియ్యమ్మకు ఆ పూట తిన్న కూడు ఒంటబట్టలేదు. ఆ తరవాత ఏకాదశి వచ్చినప్పుడల్లా అబద్ధమూ చెప్పింది, దీవెనా పుచ్చుకుంది.

ఇప్పుడు ఆ గదిలో మాటే లేదు. తెల్లవారి మొహం కడుగుతుంది, పెద్దావిడ తిథి అడగదు. పక్క మారుస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది ఆ శరీరం. చూపు మాత్రం గోడ మీదే. వీధిలో అనకాపల్లి సంతకు బెల్లం బళ్ళు పోతుంటాయి. ఇదివరకైతే, ఎవరి గానుగలో బెల్లమే అది, కమ్మగా వాసనొస్తోంది అనేది. ఇప్పుడు బండి వెనక బండి పోయినా ఆ గదిలో ఎవరూ ఏమీ అనరు. పోనీ తిట్టినా బాగుండును అనుకుంది అచ్చియ్యమ్మ. వదిన తిట్లు కూడా ఇంత కష్టం అనిపించలేదు.

ఆమెకు ఏడవాలని ఉంది. ఎవరి దగ్గర ఏడవాలో తెలియలేదు.

* * *

వకీలుగారు కోటు విప్పి, కాళ్ళు కడుక్కుని తల్లి మంచం పక్కకు ముక్కాలిపీట లాక్కుని కూచున్నారు. లక్ష్మీసుందరి ఉదయం అన్నం పారబోసి, వేడిగా మళ్ళీ వండి పెట్టిన కంచం అచ్చియ్యమ్మ చేతిలో ఉంది. లక్ష్మీసుందరి గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఆయన చాలా చక్కగా చెప్పారు, ఆ మాట ఒప్పుకోవాలి. దశమి ఘడియలు ఎలా మిగులుతాయో, ఎవరికి ముందురోజు పనికొస్తుందో, ఎవరికి మర్నాడో వివరించారు. వెనకటికి ఫలానా ఏడు మన ఇంట్లోనూ ఇలాగే వచ్చిందని గుర్తు చేశారు. మంగాయత్త సంగతి చెప్పి నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. గొంతులో ప్రేమ ఉంది. ఆ ప్రేమలో అబద్ధం లేదు. మిగతాదంతా అబద్ధమే.

పెద్దావిడ కళ్ళు మూసుకుని విన్నది. పక్షవాతం వచ్చాక ఆవిడ మాట కొంచెం ముద్దగా వస్తుంది, అయినా తెలుస్తుంది.

"అయిందా?" అంది.

"అయింది. నిజం ఇంతేనమ్మా."

"అచ్చియ్యని చెప్పమను."

ఇన్నాళ్ళకు ఆ నోట తన పేరు వచ్చింది. అచ్చియ్యమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునమ్మా అని ఒక్క మాటంటే ఈ కంచం ఖాళీ అవుతుంది, మనిషి బతుకుతుంది, తనకు నీడ మిగులుతుంది. రేపు పొద్దున్నే మళ్ళీ తిథి అడుగుతుంది. ఇంతకంటే ఏం కావాలి? లేదమ్మా అంటే ఆవిడ ఏమైపోతుందో, తను ఎక్కడికి పోతుందో. బుచ్చయ్యపేటలో వదిన గుమ్మం కళ్ళముందు మెదిలింది.

పెద్దావిడ తల తిప్పింది. పొరలు కమ్మిన ఆ కళ్ళకు మనిషి ఆనవాలు తప్ప తెలియదు. అయినా సూటిగా చూసింది.

"ఒట్టు వెయ్యక్కర్లేదే. మీ దేవుడి మీదా వద్దు, మా దేవుడి మీదా వద్దు. ఆ రోజు నువ్వు నా నోట్లో పెట్టినది ఏకాదశి అన్నమా, ద్వాదశి అన్నమా?"

అచ్చియ్యమ్మ కంచం కింద పెట్టేసింది.

"ఏకాదశి అన్నమేనమ్మా."

వకీలుగారు చటుక్కున ఆమె వంక తిరిగారు. ఆమె ఆయన వంక చూడలేదు. చూస్తే నోరు పడిపోతుందని భయం.

"ముందురోజు మీరు మగతలో లేరమ్మా. అన్నం తిన్నారు. నానే ఎట్టేను."

"అంతకు ముందుది?"

"అదీనమ్మా."

పెద్దావిడ ఊపిరి తీసుకుంది.

"ముక్కోటి?"

ముక్కోటినాడు తెల్లవారకుండానే వీధిలో భజన వెళ్ళింది. తాళాల చప్పుడు విని పెద్దావిడ ఉలిక్కిపడి లేచి అడిగింది. నిన్ననే ముక్కోటి అయిపోయింది, ఇవాళ ద్వాదశి భజన అని తను చెప్పింది. ఏడాదికి ఒక్కటే వచ్చే ముక్కోటి.

"ముక్కోటి కూడానమ్మా."

"ఆ రోజు నిన్ను దీవించేను."

"దీవించేరు."

పెద్దావిడ కుడికంటినుంచి ఒక బొట్టు చెవివైపు జారిపోయింది. తుడుచుకోవడానికి ఆ వైపు చెయ్యి లేదు. అచ్చియ్యమ్మ చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళి, ముట్టుకోవడానికి ధైర్యం చాలక ఆగిపోయింది.

"ఎవరు చెప్పమన్నారు?"

"సెప్పింది నా నోరేనమ్మా," అంది అచ్చియ్యమ్మ. "మీరు బతకాలనీసి సెప్పేను. తప్పో ఒప్పో నాకు తెలవదు. మీకు తెలవకుండా సెయ్యడం మటుకు తప్పే."

గుమ్మంలోంచి లక్ష్మీసుందరి గొంతు వచ్చింది. "పంచాంగం చూసి దానికి చెప్పింది నేనే, అత్తయ్యా."

వకీలుగారు లేచి నిలబడ్డారు. ఇంతసేపూ అణుచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. తొలి ఏకాదశినాడు తులసికోట దగ్గర నువ్వు నోరు వంకరపోయి పడుంటే రెండు చేతులతో ఎత్తుకొచ్చిన వాణ్ణి నేను అన్నారు. ఆ రాత్రి నువ్వు ఊపిరి తీస్తున్నావో లేదో చూస్తూ కూచున్నవాణ్ణి నేను. నాకు ఇంకెవరున్నారు? ఏకాదశి కావాలా, అమ్మ కావాలా అని ఎవరైనా అడిగితే ఎప్పుడైనా నేను అమ్మే కావాలంటాను, ఆ పాపం నాకే రాసుకోమను అన్నారు. అంటూ అంటూ ఏడ్చేశారు. వకీలుగారు ఏడవడం అచ్చియ్యమ్మ ఎన్నడూ చూడలేదు. భార్య కూడా చూసినట్టు లేదు.

పెద్దావిడ ఆ ఏడుపు ఆగేదాకా ఊరుకుంది.

"మడి నేను వదిలేసేను," అంది తరవాత. "ఎవరూ చెప్పకుండానే వదిలేసేను. అది నాది గనక వదులుకున్నాను. ఏకాదశి కూడా వదులుకుందునేమోరా. నన్నడిగితే కదా తెలిసేది. నీకు నా ప్రాణం కావాలి, బాగానే ఉంది. ఆ ప్రాణంలో నేనొకదాన్ని ఉన్నాను కదా."

జవాబు లేని కోపం ఎప్పుడూ కిందివాళ్ళ మీదికే పోతుంది. వకీలుగారు అచ్చియ్యమ్మ వైపు తిరిగి, రేపట్నుంచి నీకిక్కడ పని లేదు, పొద్దున్నే బస్సెక్కి మీ ఊరెళ్ళిపో అన్నారు. గొంతు పెంచలేదు. లక్ష్మీసుందరి ఏదో అనబోయింది, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

అచ్చియ్యమ్మ తల వంచుకుంది. నిజం చెప్పేటప్పుడే తెలుసు ఇదొస్తుందని. తెలిసినా, మాట చెవిన పడేసరికి ఆమె చూపు మంచం మీదికి పోయింది. ఇంక ఈ మొహం ఎవరు కడుగుతారు, ఈ ఒళ్ళు ఎవరు తిప్పుతారు అనిపించింది. తన పేరు పెట్టి ఇంకెవరు పిలుస్తారు అనిపించింది. అది పైకి అనే మాట కాదు.

"సరే. దాన్ని పంపించెయ్యి," అంది పెద్దావిడ. "అయితే నువ్వు పెట్టు నాకు. కంచం తీసుకో."

"నేనా?"

"నాకు అన్నం తినాలని లేదనుకున్నావా? పేగులు మెలిపెడుతున్నాయిరా. కూచో. మళ్ళీ ఏకాదశినాడు నాకు అన్నం పెట్టాలని నీకుంటే, అమ్మా ఇవాళ ఏకాదశి అని చెప్పి పెట్టు. తినడమో మానడమో నా నోటి పని. చెప్పకుండా మాత్రం పెట్టకు."

వకీలుగారు ముక్కాలిపీట మీద మళ్ళీ కూచున్నారు. ఆ చేతులు ఇన్నాళ్ళూ తల్లికి మందులు తెచ్చాయి, పళ్ళు తెచ్చాయి, డాక్టర్లను తెచ్చాయి. ఒక్క ముద్ద కలిపి పెట్టలేదు. కంచం ఒళ్ళో పెట్టుకోవాలో, కింద పెట్టుకోవాలో తెలియక ఆయన తంటాలు పడుతుంటే, అచ్చియ్యమ్మ వంగి పెద్దావిడ భుజం కింద చెయ్యి వేసి, లేపి, దిండ్లు ఎత్తుగా అమర్చింది. పెద్దావిడ ఆ చేతిని కాదనలేదు.

వకీలుగారు ముద్ద చేశారు. అది మరీ పెద్దదైంది. సగం తీసేసి, మళ్ళీ చిన్నది చేసి, తల్లి పెదవుల దగ్గరికి తెచ్చారు.

పెద్దావిడ నోరు తెరవలేదు.

"ఇవాళ ఏం తిథిరా?"

"పాడ్యమి. మాఘశుద్ధ పాడ్యమి. నిన్ననే అమావాస్య వెళ్ళింది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఊళ్ళో ఏ పంచాంగం విప్పినా అదే ఉంటుంది.

పెద్దావిడ మాత్రం మొహం ఆ ముద్ద మీదినుంచి పక్కకు తిప్పి, తన భుజం పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు చూసింది.

"అవునా అచ్చియ్యా?"

అచ్చియ్యమ్మ వకీలుగారి వంక చూడకుండా, లక్ష్మీసుందరి వంక చూడకుండా, మెల్లిగా చెప్పింది.

"అవునమ్మా. పాడ్యిమే."

అప్పుడు వరహాలక్ష్మమ్మగారు నోరు తెరిచింది.

వకీలుగారి చెయ్యి మాత్రం కదల్లేదు. తను చెప్పింది నిజమే, అయినా కన్నతల్లి ఆ నిజాన్ని ఆ మనిషి నోట వింటే గాని పుచ్చుకోలేదు. రేపు పొద్దున్న బస్సెక్కి వెళ్ళిపొమ్మన్న ఆ మనిషి వంక, ముద్ద చేత్తో పట్టుకుని, అలాగే చూస్తూ ఉండిపోయారు.